ఓటు పోయినవాళ్ల పక్షాన నిలబడ్డ మనిషి: చెన్నై యాత్ర

శనివారం

ఎస్.జె.వి. సెల్వనాయకం పేరు మన తెలుగువాళ్లలో ఎక్కువమంది విని ఉండరు. శ్రీలంక తమిళులు ఆయన్ని తందై సెల్వా అంటారు. 1898 మార్చి 31న మలయాలోని (ఇప్పటి మలేషియా) ఇపోలో పుట్టారు. చిన్నతనంలోనే సొంతూరికి, జాఫ్నా పక్కన తెల్లిప్పళైకి వచ్చేశారు. కొన్నాళ్లు బడిపంతులు, తర్వాత కొలంబోలో పేరున్న సివిల్ లాయరు. 1947 నుంచి 1977 ఏప్రిల్ 26న పోయేదాకా రాజకీయాల్లోనే ఉన్నారు. జీవితమంతా సముద్రానికి అవతల గడిపిన మనిషి కోసం చెన్నై ఎందుకు వస్తున్నావని మా బాబాయి ఫోన్లో అడిగారు. సెల్వనాయకం ఏం జరుగుతుందని భయపడ్డారో అది జరిగాక, పడవలెక్కి ఇటు వచ్చినవాళ్లు తమిళనాడంతా ఉన్నారు. ఆయన కొడుకు ఎస్.సి. చంద్రహాసన్ 1983లో శ్రీలంకలో తమిళుల మీద జరిగిన మారణకాండ తర్వాత చెన్నైకే వచ్చి, మరుసటి ఏడు శరణార్థుల కోసం శరణార్థులే నడిపే సంస్థను ఇక్కడే మొదలుపెట్టారు. ఆ తండ్రి పనికి మిగిలిన కొస ఇక్కడుందని నా నమ్మకం. బాబాయికి అదే చెప్పాను.

కోరమాండల్‌లో కిటికీ పక్క సీటు దొరికింది. తెచ్చుకున్న కాగితాలు ముందేసుకుని 1948 దగ్గర ఆగాను, ఎందుకంటే అన్నీ అక్కడే మొదలయ్యాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 4న సిలోన్‌కి (ఇప్పటి శ్రీలంక) స్వాతంత్ర్యం వచ్చింది. నవంబరుకల్లా పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. తండ్రి సిలోన్‌లో పుట్టి ఉండాలి, లేదంటే తాత, ముత్తాత పుట్టినట్టు చూపించాలి. తేయాకు తోటల్లో ఆకు కోసే కూలీకి తండ్రి పుట్టిన కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది? బ్రిటిష్‌వాళ్లు తీసుకెళ్లిన భారత సంతతి జనం సుమారు ఏడు లక్షల మంది ఒక్క చట్టంతో ఏ దేశానికీ చెందనివాళ్లయిపోయారు. 1949లో ఇంకో చట్టం వచ్చి ఓటు కూడా పోయింది. 1947 ఎన్నికల్లో వాళ్ల పార్టీ కొన్ని సీట్లు గెలిచింది. 1952లో ఒక్కటీ లేదు, ఓటర్లే లేరు కాబట్టి.

ఆ సమయంలో సెల్వనాయకం ఉన్న తమిళ కాంగ్రెస్ పార్టీ ప్రభుత్వంలో చేరింది. ఆయన చేరలేదు. కొద్దిమందితో బయటికి వచ్చి 1949 డిసెంబరు 18న కొత్త పార్టీ పెట్టారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆయన నియోజకవర్గం కాంకేశన్‌తురై, ఉత్తరాన సముద్రపు ఒడ్డు. తోట కూలీలు ఉండేది ఎక్కడో మధ్య కొండల్లో. వాళ్లలో ఒక్కరి ఓటూ ఆయనకు పడదు. జాఫ్నా తమిళులకీ, తోటల జనానికీ మధ్య కులం, డబ్బు, చదువు అన్నీ అడ్డమే. అయినా ఈరోజు వాళ్ల పౌరసత్వం తీసేసిన చేత్తోనే రేపు మన భాష తీసేస్తారని ఆయన హెచ్చరించారు. 1952లో ఆయన సొంత సీటు ఓడిపోయారు. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్న చట్టం వచ్చింది. నాలుగేళ్ల ముందు ఓడించిన జనమే ఆ ఏడు ఆయన్ని గెలిపించారు.

సాయంత్రం సెంట్రల్‌లో బాబాయి నిలబడి ఉన్నారు. పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు, ఆ వీధుల్లో తెలుగు బాగానే వినిపిస్తుంది. పిన్ని వంకాయ కూర, చారు చేసి ఉంచింది.

ఆదివారం

గుమ్మిడిపూండి లోకల్ సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్సు నుంచి బయల్దేరుతుంది. కొరుక్కుపేట, తిరువొత్తియూరు, ఎన్నూరు దాటాక ఇళ్లు పల్చబడతాయి. మీంజూరు, పొన్నేరి వచ్చేసరికి పెట్టెలో సగం మాటలు తెలుగే. ఈ లైను అలాగే వెళ్తే ఆరంబాక్కం తర్వాత తడ, మన రాష్ట్రం.

గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల క్యాంపు 1990లో పెట్టారు. ఈ చుట్టుపక్కల పెద్ద క్యాంపుల్లో అది ఒకటి. బయటివాళ్లు లోపలికి వెళ్లాలంటే కలెక్టరు అనుమతి ఉండాలి. నా దగ్గర లేదు కాబట్టి లోపలికి వెళ్లే ప్రయత్నం చెయ్యలేదు. దారిలో ఉన్న టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. ఆదివారం గనక పనికి వెళ్లే మగవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు. బాబాయి తమిళంలో మాట కలిపారు. ఒకాయన మా ఇద్దరి మధ్య తెలుగు విని ఇటు తిరిగాడు.

"ఏ ఊరు సార్ మీది?"

"నేను పెరంబూరు, పాప వైజాగు. నీకు తెలుగెలా వచ్చు నాయనా?"

"పెయింటింగ్ పని సార్. తడ, శ్రీసిటీ, సూళ్ళూరుపేట. కాంట్రాక్టరు యాడికి పంపిస్తే ఆడికి. ఇరవై ఏళ్ల నుంచి."

క్యాంపుల్లో మగవాళ్లకి ఎక్కువగా దొరికే పని పెయింటింగే. రోజు కూలీ, బాండు లేదు, కాగితం అడిగేవాడు లేడు. ఆయన గోళ్ల అంచుల్లో తెల్ల ప్రైమరు ఎండి ఉంది, మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో దాన్ని గీరుతూనే ఉన్నాడు. పేరు రాయవద్దన్నాడు. రాయను.

వాళ్ల తాత తాతలు నామక్కల్ వైపు నుంచి సిలోన్ వెళ్లారు. తాత హట్టన్ దగ్గర తేయాకు తోటలో పుట్టి, అక్కడే పనిచేసి, 1948 చట్టంతో ఏ దేశస్థుడూ కాకుండా పోయాడు. 1977 ఆగస్టు అల్లర్లలో కొండ ప్రాంతపు తమిళులు చాలామంది పారిపోయి వవునియా చుట్టుపక్కల అడవి కొట్టుకుని బతికారు. వీళ్లూ అంతే. ఆ ఏడే ఈయన పుట్టాడు. 1985లో అక్కడా ఉండలేక మన్నార్ నుంచి పడవలో రామేశ్వరం వచ్చారు. మండపం క్యాంపులో ఉంచారు.

మండపం క్యాంపు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అది శరణార్థుల కోసం కట్టింది కాదు. బ్రిటిష్ కాలంలో సిలోన్ తోటలకి కూలీలను పంపే ముందు కొన్నాళ్లు ఉంచి, రోగాలున్నాయేమో చూసి, మందులు వేసి ఓడెక్కించిన చోటు. ఈయన పూర్వీకులను లెక్కపెట్టి అటు పంపిన ఆవరణలోనే, 1985లో ఈయన కుటుంబాన్ని లెక్కపెట్టి పేర్లు రాసుకున్నారు. వెళ్లేటప్పుడు వాళ్లు భారతీయులు. తిరిగొచ్చేటప్పటికి విదేశీయులు.

"1986లో చెల్లెలు మండపంలోనే పుట్టింది. 88లో తమ్ముడు. తర్వాత మమ్మల్ని ఇక్కడికి మార్చారు."

నేను పుస్తకం మూసేసి ఆయన్నే చూశాను. మన పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా భారతదేశంలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే భారత పౌరులు, తల్లిదండ్రులెవరైనా సరే. 1987 జూలై 1 నుంచి పుడితే తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. అంటే ఒక తల్లి కడుపున పుట్టిన ముగ్గురిలో పెద్దవాడు శ్రీలంకలో ఏ దేశమూ లేకుండా పుట్టాడు, మధ్యలో పిల్ల చట్టప్రకారం భారతీయురాలు, చివరివాడు భారత గడ్డ మీద పుట్టిన విదేశీయుడు. ముగ్గురూ ఒకే క్యాంపులో ఒకే గుడిసెలో పెరిగారు, చెకింగ్ రోజున ఒకే వరసలో నిలబడ్డారు.

"చెల్లెలికి ఈ సంగతి తెలుసా?"

"ఒకావిడకి కోర్టులో వచ్చిందంట కదా, తిరుచ్చిలో. టీవీలో చూశాం."

అది నిజం. మండపం క్యాంపులో 1986లో పుట్టిన ఒక మహిళ పాస్‌పోర్టు కోసం మద్రాసు హైకోర్టు మదురై బెంచికి వెళ్తే, 2022లో ఆమెకు అనుకూలంగా ఆదేశం వచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో తిరుచ్చి కొట్టప్పట్టు క్యాంపు నుంచి వెళ్లి ఓటేసింది. క్యాంపులో ఉంటూ ఓటేసిన మొదటి మనిషిగా పేపర్లన్నీ రాశాయి. ఈ పెయింటరు చెల్లెలు మాత్రం ఇంకా ఏ కాగితమూ పెట్టుకోలేదు.

"ఎందుకు పెట్టలేదు?"

"టెన్షన్ మేడమ్. ఏదన్నా రాసిస్తే ఉన్న పేరు కూడా క్యాంపు లిస్టులో కొట్టేస్తారేమోనని."

ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. లిస్టులో పేరు ఉంటేనే నెలనెలా డబ్బు, బియ్యం. 2021లో తమిళనాడు ప్రభుత్వం కుటుంబ పెద్దకి నెలకి 1,500, మిగతా పెద్దవాళ్లకి 1,000, పిల్లలకి 500 రూపాయలు చేసింది. పాడైపోయిన ఇళ్లు ఏడు వేలకు పైగా మళ్లీ కట్టిస్తామంది, కట్టిస్తోంది కూడా. పిల్లలకి బడి, కాలేజీ ఉన్నాయి. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, అయినా 1983 నుంచి సముద్రం దాటి వచ్చిన మూడు లక్షల మందికి పైగా జనానికి తమిళనాడు చోటిచ్చింది. ఇది చిన్న విషయం కాదు, ఇందుకు ఆ రాష్ట్రానికి దండం పెట్టాలి. కానీ బీకాం చదివిన పిల్ల ఉద్యోగానికి వెళ్తే పాస్‌పోర్టు అడుగుతారు. సొంత పేరు మీద సెంటు స్థలం కొనుక్కునే దారి లేదు. రాత్రి బయట ఉండాలంటే చెప్పి వెళ్లాలి. తిండి పెట్టే దయ దొరికింది, అడిగే హక్కు దొరకలేదు. సెల్వనాయకం 1948లో పట్టుకున్నది సరిగ్గా ఈ రెంటికీ మధ్య ఉన్న తేడానే.

లేచేటప్పుడు ఆయన అన్న మాట రైల్లో కూడా వదల్లేదు. "మా తాతకి ఉన్న ఓటు పోయింది సార్. నాకు అసలు రాలేదు. ఎవడికి ఓటెయ్యాలని మా క్యాంపులో ఎప్పుడూ గొడవ పడలేదు మేము. బయటోళ్లు గొడవ పడుతుంటే చూస్తాం."

సోమవారం

ఎగ్మోరులో కన్నెమరా గ్రంథాలయం 1896 నాటిది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అక్కడే.

స్టేషను దాటుకుని వెళ్తుంటే బాబాయి ఒక సంగతి గుర్తుచేశారు. పాంబన్ వంతెన పూర్తయ్యాక 1914 నుంచి బోట్ మెయిల్ ధనుష్కోడి దాకా వెళ్లేది. అక్కణ్ణుంచి ఓడ మీద తలైమన్నార్, మళ్లీ రైలు, కొలంబో. ఎగ్మోరు నుంచి నేరుగా కొలంబోకి టికెట్టు ఇచ్చేవారు. 1964 డిసెంబరు తుఫానుకి ధనుష్కోడి కొట్టుకుపోయింది. ఆ తుఫానుకి రెండు నెలల ముందే, అక్టోబరు 30న, లాల్ బహదూర్ శాస్త్రి, సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు. అయిదు లక్షల పాతికవేల మందిని భారతదేశం తీసుకుంటుంది, మూడు లక్షల మందికి సిలోన్ పౌరసత్వం ఇస్తుంది, మిగిలిన లక్షన్నర మంది సంగతి తర్వాత చూద్దాం. రెండు ప్రభుత్వాలు మనుషుల్ని ఇలా పంచుకున్నాయి. తోటల్లో ఉన్న జనాన్ని మీరెక్కడ ఉంటారని అడిగినవాళ్లు లేరు. శాస్త్రిగారంటే నాకు ఎంతో గౌరవం. ఈ ఒప్పందం మాత్రం ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు.

సెల్వనాయకం పద్ధతి పూర్తిగా గాంధీ మార్గం. 1956 జూన్ 5న భాషా చట్టం సభకి వచ్చిన రోజు, కొలంబోలో గాల్‌ఫేస్ మైదానంలో తోటి ఎంపీలు, కార్యకర్తలతో గడ్డి మీద కూర్చున్నారు. గుంపులు వచ్చి రాళ్లు రువ్వాయి, లాగి కొట్టాయి, పోలీసులు చూస్తూ నిలబడ్డారు. ఎవరూ తిరిగి చెయ్యెత్తలేదు. ఆయన అప్పటికే బక్కపల్చటి మనిషి, గొంతు బలహీనం. తర్వాత పార్కిన్సన్స్ వచ్చింది, చెవులు సరిగా వినిపించేవి కావు. సభల్లో గట్టిగా ఉపన్యాసాలివ్వలేని నాయకుడు ముప్పయ్యేళ్లు ఒక జాతిని వెంట నడిపించడం మామూలు విషయం కాదు. ఇంకో సంగతి, ఆయన ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. ఆయనకి ఓటేసిన జనంలో ఎక్కువమంది శైవులు. ఒక ఎన్నిక తర్వాత ఒకటి, 1956 నుంచి ప్రతిసారీ గెలిపించారు.

1957 జూలై 26న అప్పటి ప్రధాని, సిరిమావో భర్త ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకేతో ఒప్పందం కుదిరింది. ప్రాంతీయ మండళ్లు, తమిళ ప్రాంతాల్లో పాలన తమిళంలో. వేరు దేశం కాదు, వేరు రాజ్యం కాదు. మన జిల్లా పరిషత్తులకి ఉన్నంత అధికారం ఇస్తే చాలన్నంత మితమైన కోరిక. దాని మీద ప్రతిపక్షం పాదయాత్ర చేసింది. 1958 ఏప్రిల్లో బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయిస్తే బండారనాయకే ఒప్పందాన్ని రద్దు చేసేశారు. మరుసటి నెల అల్లర్లు. 1959 సెప్టెంబరులో బండారనాయకేనే ఒక భిక్షువు కాల్చి చంపాడు.

1961లో జాఫ్నా ప్రభుత్వ కచేరీ ముందు సత్యాగ్రహం. ఆఫీసులు స్తంభించిపోయాయి. సొంతంగా తపాలా బిళ్లలు వేసి ఉత్తరాలు బట్వాడా చేశారు. ఏప్రిల్లో అత్యవసర పరిస్థితి పెట్టి, సైన్యాన్ని దింపి, సెల్వనాయకాన్నీ మిగతా నాయకుల్నీ నిర్బంధించారు. 1965 మార్చిలో ప్రధాని కాబోతున్న డడ్లీ సేనానాయకేతో ఇంకో ఒప్పందం. అదీ అమలు కాలేదు. ఒకసారి చింపేసిన కాగితాన్ని మర్చిపోయి మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లడానికి ఎంత ఓపిక కావాలి! ఆయన్ని మెతకమనిషి అన్నవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. నాకు మాత్రం అందులో మెతకదనం కనిపించదు. ఎదుటివాడి మాట మీద కాకుండా పార్లమెంటు అనే పద్ధతి మీద నమ్మకం ఉన్నవాడే అలా వెళ్లగలడు.

1972లో కొత్త రాజ్యాంగం వచ్చింది, పాత రాజ్యాంగంలో మైనారిటీలకున్న రక్షణ పోయింది. ఆ ఏడాది మొదట్లోనే ఆయన మద్రాసు వచ్చి పెరియార్‌నీ, ముఖ్యమంత్రి కరుణానిధినీ కలిశారు. అక్టోబరులో తన సీటుకి రాజీనామా చేశారు. ఈ రాజ్యాంగాన్ని తమిళులు ఒప్పుకున్నారని మీరంటున్నారు కదా, నా సీట్లో ఉపఎన్నిక పెట్టండి, జనమే చెప్తారు అన్నది ఆయన సవాలు. ప్రభుత్వం రెండేళ్లకు పైగా ఆ ఎన్నిక పెట్టలేదు. 1975 ఫిబ్రవరిలో పెట్టింది. 76 ఏళ్ల వయసులో, సరిగ్గా మాట కూడా రాని స్థితిలో భారీ మెజారిటీతో గెలిచారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కోపం వచ్చినప్పుడు కూడా బ్యాలెట్ పెట్టె తెమ్మన్నారు.

నచ్చనిది కూడా రాయాలి. 1976 మే 14న వట్టుక్కోట్టై సభలో, ఆయన అధ్యక్షతన, ప్రత్యేక రాజ్యం కావాలని తీర్మానం చేశారు. ముప్పయ్యేళ్ల విసుగు అందులో ఉంది, ఆ విసుగుకి కారణాలన్నీ న్యాయమైనవే. కానీ కొండల్లోని తోటల జనం ఆ రాజ్యం హద్దుల్లోకి రారు. వాళ్ల నాయకుడు తొండమాన్ ఆ డిమాండుకి దూరంగా జరిగారు. 1949లో ఎవరి కోసం ఆయన పార్టీ వదిలి బయటికి వచ్చారో, 1976లో గీసిన గీత వాళ్లనే బయట ఉంచేసింది. ఆ మరుసటేడు ఏప్రిల్లో ఆయన పోయారు. ఆగస్టులో అల్లర్లు. ఆ తర్వాతి తరం తుపాకులు పట్టుకుంది, వాటి ముందు ఆయన శిష్యులే కొందరు బలైపోయారు. ఆయన బతికుంటే ఆపగలిగేవారని నేను అనను. కానీ ఆయన మాట ఒక్కసారైనా నిలబెట్టి ఉంటే, 1981లో జాఫ్నా గ్రంథాలయం తగలబడేది కాదు, 1983 వచ్చేది కాదు అని గట్టిగా నమ్ముతాను.

శ్రీలంక 2003లో చట్టం చేసి, మిగిలిపోయిన భారత సంతతివాళ్లకి పౌరసత్వం ఇచ్చింది. 1948 నుంచి 55 ఏళ్లు. అప్పటికే పడవలెక్కి ఇటు వచ్చేసిన వాళ్లకి ఆ కబురు అందినా చేతికి అందలేదు. నిన్నటి పెయింటరు కుటుంబం అందులోదే.

మంగళవారం

టి.నగర్‌లో పానగల్ పార్కు నుంచి నార్త్ ఉస్మాన్ రోడ్డు పట్టుకుంటే రెప్కో బ్యాంకు భవనం వస్తుంది. బయట బంగారం తాకట్టు రేట్ల బోర్డు చూసి అందరూ మామూలు బ్యాంకే అనుకుంటారు. ఇది 1969లో బర్మా, సిలోన్ నుంచి తిరిగొచ్చినవాళ్ల పునరావాసం కోసం పెట్టిన సహకార బ్యాంకు. కేంద్ర ప్రభుత్వంతో పాటు దక్షిణాది రాష్ట్రాలకీ ఇందులో వాటా ఉంది, ఆంధ్రప్రదేశ్‌కి కూడా.

సాయంత్రం బీచ్ స్టేషను ఎదురుగా బర్మా బజారు. అదీ 1969లోనే, బర్మా నుంచి వచ్చినవాళ్లకి బతుకుదెరువుగా ఇచ్చిన దుకాణాల వరస. ఇప్పుడు ఫోన్ కవర్లు, చార్జర్లు, సెంటు సీసాలు. వెనక వీధిలో అత్తో బళ్లు. పళ్లెంలో నారింజ రంగు నూడుల్స్ వేసి, పచ్చి క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి నూనె, చింతపండు పులుసు, కారం పోసి, కరకరలాడే అప్పం ముక్కలు నలిపి చేత్తోనే కలిపి ఇస్తాడు. పక్కన చిన్న గిన్నెలో అరటి దవ్వ సూపు, ఎన్నిసార్లు అడిగినా పోస్తాడు. బండాయన వాళ్ల నాన్న రంగూన్‌లో ఉన్న వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవేనట. రేవులో మోతగాళ్లు, బియ్యం మిల్లుల్లో కూలీలు, రిక్షావాళ్లు అంతా శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్లే.

ఇది మా ఇంటి కథ కూడా. మా విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఇప్పటికీ పేరు. నాయనమ్మ అన్నగారు 1964లో రంగూన్ నుంచి వచ్చారు. బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసింది, ఆ ఏడాది మేలో యాభై, వంద నోట్లు చెల్లవంది. దాచుకున్నదంతా కాగితమైంది. ఓడ దిగేసరికి ఆయన చేతిలో ఒక ట్రంకుపెట్టె, లోపల రెండు లుంగీలు. కానీ ఆయన దగ్గర భారతీయుడన్న కాగితం ఉంది. అందుకే కొన్నేళ్లలో రేషను కార్డు, అప్పు, ఇంటి స్థలం, ఓటు అన్నీ వచ్చాయి. మనవలు ఇప్పుడు స్టీల్‌ప్లాంటులో, పోర్టులో ఉద్యోగాలు చేస్తున్నారు. గుమ్మిడిపూండిలో నేను చూసిన కుటుంబం మా కుటుంబం కన్నా తక్కువ కష్టపడలేదు, తక్కువ తెలివైనదీ కాదు. వాళ్లకి లేనిది ఆ కాగితం ఒక్కటే.

బుధవారం

ప్యారీస్ కార్నర్ దగ్గర దిగగానే హైకోర్టు ఎర్ర గుమ్మటాలు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ మీద హర్తాళ్ రోజున, ఇక్కడే పోలీసు కాల్పుల్లో ఒకతను చనిపోతే, ప్రకాశం పంతులుగారు చొక్కా విప్పి కాల్చమని గుండె చూపించారు. మనవాళ్లు ఎవరొచ్చినా ఈ చోటు చూడాలంటారు. గాల్‌ఫేస్ గడ్డి మీద కూర్చున్న ఆ సన్నటి లాయరూ, ఈ రోడ్డు మీద నిలబడ్డ మన లాయరూ ఒక కోవ మనుషులే అనిపించింది. ఇద్దరూ కోర్టులో బాగా సంపాదించుకోగలిగిన కాలంలోనే వీధిలోకి వచ్చారు.

తంబుచెట్టి వీధిలో బాబాయికి తెలిసిన తెలుగు వకీలు గది ఉంది. క్యాంపువాళ్ల పిటిషన్లు కొన్ని చూసినాయన. పెయింటరు ఫోన్లో పంపిన ఫొటోలు ఆయనకి చూపించాను: క్యాంపు కుటుంబ కార్డు, చెల్లెలి స్కూలు టీసీ, మండపంలో పుట్టినట్టు ఉన్న జనన ధ్రువీకరణ.

"ఈ అమ్మాయికి పౌరసత్వం ఇమ్మని అడగక్కర్లేదమ్మా. పుట్టుకతోనే ఉంది. పాస్‌పోర్టుకి పెట్టడమే. కాదంటే ఆ 2022 ఆర్డరు జతచేసి రిట్ వేద్దాం," అన్నారు.

"క్యాంపు లిస్టులో పేరు తీసేస్తారని భయపడుతున్నారు."

"భయం నిజమే. ఆవిడ ఒక్కదాని డబ్బు ఆగచ్చు. మిగతావాళ్లది ఆగకూడదు, ఆగితే అదీ కోర్టులో చెప్పాల్సిన మాటే. ముందే చెప్పి, వాళ్లకి ఇష్టమైతేనే వెయ్యాలి."

పెద్దాయన సంగతి, తమ్ముడి సంగతి అడిగాను. వకీలు కాసేపు కాగితాలు సర్దారు. 2019 జూన్‌లో మదురై బెంచి, కొండ ప్రాంతపు సంతతివాళ్లు పెట్టుకున్న దరఖాస్తులను మానవతా దృష్టితో పరిశీలించమని చెప్పింది, వాళ్ల పూర్వీకులు ఈ దేశస్థులే కాబట్టి. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు చేసిన పౌరసత్వ సవరణలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ పేర్లున్నాయి, శ్రీలంక లేదు. 2025 సెప్టెంబరులో కేంద్రం, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళుల మీద పాస్‌పోర్టు, వీసా లేవన్న కేసు ఉండదని ఆదేశమిచ్చింది. ఉండనివ్వడం వరకూ వచ్చింది, ఉన్నవాణ్ణి పౌరుడిగా చూడడం ఇంకా రాలేదు.

"తమ్ముడి కేసు కష్టం. పద్దెనిమిది నెలలు ముందు పుట్టుంటే ఈపాటికి ఓటేసేవాడు. పెద్దాయనకి మాత్రం ఒక దారుంది. వాళ్ల తాత నామక్కల్ నుంచి వెళ్లినవాళ్ల వంశమని చూపించే కాగితం ఏదైనా దొరుకుతుందేమో అడగండి. తోట పెద్దమనుషులు ఇచ్చిన చీటీ, పాత రిజిస్టరు కాపీ, ఊళ్లో బంధువుల పేర్లు, ఏదైనా సరే."

అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. ఆయన తడలో పనిమీద ఉన్నాడు, వెనక కాంప్రెసరు చప్పుడు. స్పీకర్లో పెట్టి వకీలు తమిళంలో అంతా చెప్పారు. అవతల చాలాసేపు ఊఁ కొట్టాడు. చివర్లో తెలుగులో నాతో అన్నాడు: "చెల్లెల్ని అడుగుతా మేడమ్, అది ఒప్పుకుంటే శనివారం పనికి పోకుండా మెడ్రాసు తోలుకొస్తా. తాత కాగితం అమ్మ పెట్టెలో ఒకటుంది, ఇంగ్లీషులో ఉంది, ఏమని రాసుందో మాకు తెలీదు. అదీ తెస్తా."

శనివారం పదకొండు గంటలకి రమ్మని వకీలు డైరీలో రాసుకున్నారు.